మూడో రోజు ఉప్పు

ప్రభుత్వోద్యోగులకు అరవై రెండేళ్లకు విరమణ అని రాసి ఉంది. పాడి గేదెకు ఎన్ని ఈతల తర్వాతో రైతుకు తెలుసు. బుజ్జమ్మ ఉద్యోగానికి మాత్రం విరమణ ఎప్పుడో ఎవరూ రాసిపెట్టలేదు. దానికి జీతం లేదు, సెలవుల్లేవు, బదిలీ భయం లేదు. ఏడాదిలో పదిహేను రోజులు పని, మిగతా మూడు వందల యాభై రోజులూ హోదా.

నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే రోడ్డు మీద ఒక ఊళ్లో, పాలకేంద్రం వెనక వీధిలో పదకొండు ఇళ్లున్నాయి. ఆ పదకొండు ఇళ్ల ఆవకాయలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం ఆవిడ ఉద్యోగం.

ఇదేమంత పని అనుకునేవాళ్లు ఆవకాయ సీసాల్లో కొనుక్కునేవాళ్లయి ఉండాలి. చుట్టూ ఎటు చూసినా మామిడి తోటలే అయినా, బంగినపల్లి లారీలెక్కి హనుమాన్ జంక్షన్ మీదుగా ఉత్తరాదికి పోతుంది, కలెక్టరు కాయ రసం తీసే ఫ్యాక్టరీకి పోతుంది. ఇంటికి మిగిలేది పులుపు. ఆ పులుపును ఏడాది పొడుగునా కాపాడే బాధ్యత ఉప్పుది. కలిపిన రోజున ఉప్పు చూసి లాభం లేదు. అప్పటికి ముక్క ముక్కగానే ఉంటుంది, కారం కారంగానే ఉంటుంది, ఎవరి దారి వారిదే. మూడో రోజుకు ముక్క నీరు వదిలి, ఉప్పు కరిగి, అందరూ ఒక మాట మీదికొస్తారు. ఆ రోజు జాడీలోది బేసిన్లోకి దింపి, తిరగేసి కలిపి, ఉప్పు చూసి, తక్కువైతే వేసి, నూనె పోసి, మళ్లీ జాడీకెత్తి మూతికి గుడ్డతో వాసెన కడతారు. ఇక ఏడాదిపాటు దిద్దుబాటు లేదు. ఉప్పు తక్కువైందా, ఆషాఢం ముసురుకు బూజు పడుతుంది. ఎక్కువైందా, ఇంటిల్లిపాదీ ఏడాదంతా మంచినీళ్లు తాగుతూ కూర్చోవాలి.

ఈ చూడడం మామూలు నాలుక వల్ల అయ్యేది కాదు. పచ్చి ఆవఘాటు, కొత్త కారం నడుమ ఉప్పు ఎక్కడ నక్కి ఉందో మామూలు నాలుక కనిపెట్టలేదు. అది “అమ్మో” అంటుంది, అంతటితో దాని పని అయిపోతుంది.

బుజ్జమ్మ నాలుక అలాంటిది కాదు. మూడో రోజు పొద్దున పళ్లు తోముకున్నాక నోట్లో మరేమీ వేసుకోకుండా, తలస్నానం చేసి, ఉతికిన నేత చీర కట్టుకుని పిలిచిన ఇంటికి వెళ్తుంది. పీట మీద కూర్చుని ఎడమ అరచెయ్యి చాపుతుంది. గోరంత ముద్ద అందులో పెడతారు. ఉంగరపు వేలితో తీసి నాలుక కొస మీద అద్దుకుని కళ్లు మూసుకుంటుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఊపిరి బిగపడతారు.

“గిద్దెడు పడుద్ది.”

అంతే. దాని మీద అప్పీలు లేదు. గిద్దెడు ఉప్పు పడ్డాక, నూనె పోశాక, వాసెన తనే బిగించి కట్టి వస్తుంది. ఆ ముడి ఆషాఢం దాకా ఎవరూ విప్పరు.

ఈ పదవి ఆవిడకు వారసత్వంగా రాలేదు, పోరాడి గెలుచుకుంది. కాపురానికొచ్చిన రెండో ఏడు అత్తగారి జాడీలో ఉప్పు చాల్లేదంది. “నిన్నగాక మొన్నొచ్చావు, నా జాడీకి వంక పెడతావంటే?” అంది అత్తగారు. శ్రావణం రాకముందే జాడీ నిండా దూది పరిచినట్టు తెల్లటి బూజు. అత్తగారు పది రోజులు కోడలితో మాట్లాడలేదు. పదకొండో రోజు పక్కింటావిడతో, “మా కోడలి నాలుక నాలుక కాదమ్మా, త్రాసు,” అంది. అప్పటినుంచి యాభై ఏళ్లు.

ఆరేడేళ్ల కిందట ప్రపంచంలో ఉప్పు తగ్గడం మొదలైంది.

మొదట చారులో తగ్గింది. “వేశానత్తయ్యా,” అంది కోడలు ప్రవల్లిక. తర్వాత పప్పులో తగ్గింది. పెళ్లిళ్లలో పులిహోర మరీ చప్పగా ఉంటోంది. “ఈ ప్యాకెట్టు ఉప్పులో సత్తువ లేదే,” అని బుజ్జమ్మ తేల్చింది. ఆవిడ భర్త శ్రీమన్నారాయణకు పది ఎకరాల తోట ఉంది. ఆయన అదే రోజుల్లో చిన్నరసాల్లో తీపి తగ్గిందని కనిపెట్టి, తప్పంతా పురుగుమందుల మీద వేశాడు. పొద్దున్నే పాలకేంద్రం అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు, సగటున డెబ్భై ఏళ్లవాళ్లు, వంకాయలోనూ నేతిలోనూ కూడా రుచి పోయిందని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానాన్ని వ్యతిరేకించే వయసువాళ్లెవరూ పొద్దున ఆరింటికి లేవరు.

తర్వాత కొన్నాళ్లకు ఇంట్లో కూరలు మళ్లీ రుచిగా అనిపించసాగాయి. “ఇప్పటికి నీకు చెయ్యి తిరిగిందే,” అని బుజ్జమ్మ కోడల్ని మెచ్చుకుంది. ప్రవల్లిక వినయంగా తల వంచుకుంది.

అలా సాగిపోతుండగా ఈ ఏడు ఏప్రిల్లో మనవరాలు మనోజ్ఞ సెలవులకొచ్చింది. విజయవాడ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. వస్తూ వస్తూ ఒక ప్రాజెక్టు తెచ్చుకుంది. వయసును బట్టి రుచి ఎలా మారుతుందో ఇంట్లోవాళ్ల మీద పరీక్షించి రాసుకురమ్మన్నారట. తల్లి తోటలో కూలీలకు భోజనం ఇవ్వడానికి వెళ్లిన మధ్యాహ్నం, నానమ్మ ముందు ఐదు గాజు గ్లాసులు వరసగా పెట్టింది.

“దేంట్లో ఉప్పుందో చెప్పాలి నానమ్మా. మింగకు, పుక్కిలించి ఊసెయ్.”

“నా నాలుకకా పరీక్ష? పెట్టవే, పెట్టు.”

మొదటి గ్లాసు మంచినీళ్లంది. రెండోదీ మంచినీళ్లే. మూడోది పుక్కిలించి, “ఇయ్యీ నీళ్లే. కాకపోతే బోరు నీళ్లు, చప్పగా ఏడిశాయి,” అంది. నాలుగో దాంట్లో మాత్రం ఆగింది. “ఇందులో ఏదో తగుల్తోంది. చిటికెడేసుంటావు.” అయిదోదాంట్లో, “ఆఁ, ఇది ఉప్పు నీళ్లు,” అంది విజయగర్వంతో.

మనోజ్ఞ పుస్తకంలో రాసుకుని, కలం మూత పెడుతూ మెల్లగా అంది. “మొదటి గ్లాసొక్కటే మంచినీళ్లు నానమ్మా.”

“గ్లాసులు మార్చావు.”

“మార్చలేదు.”

బుజ్జమ్మ నమ్మలేదు. తనే గ్లాసులు కలగాపులగం చేసి, కళ్లు మూసుకుని మళ్లీ పుక్కిలించింది. జవాబు మారలేదు. మనవరాలిని పుక్కిలించమంది. ఆ పిల్ల రెండో గ్లాసుకే మూతి తిప్పింది, నాలుగోది పెరట్లోకి పరిగెత్తి ఊసింది.

“నాలుక మీద రుచి మొగ్గలుంటాయి నానమ్మా. పాతవి పోతా ఉంటే కొత్తవి పుడతా ఉంటాయి. వయసొచ్చేకొద్దీ పుట్టేవి తగ్గుతాయి. వాసన కూడా తగ్గుద్ది, రుచిలో సగం వాసనే కదా.”

“అందరికీనా?”

“దాదాపు అందరికీ. కొందరికి ముందూ, కొందరికి వెనకా.”

“మీ తాతకి?”

“నిన్న చేశా. తాతయ్య మూడోదాంట్లో కనిపెట్టాడు.”

బుజ్జమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పళ్లెంలో ఉన్నది వంకాయో ఆలుగడ్డో అడిగితే తప్ప చెప్పలేని మనిషి ఆయన.

“మందేమన్నా ఉందా?”

“లేదు నానమ్మా.”

మామిడికి పూత తగ్గితే ఏదో ఒకటి కొడతారు. దీనికి అదీ లేదు. యాభై ఏళ్లుగా ఆ కుటుంబంలో తిన్న మంచీ చెడ్డా అన్నింటికంటే ముందు రుచి చూసింది ఆ నాలుకే. అలాంటిది తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది.

“మీ అమ్మకి చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. ఒట్టెయ్.”

మనోజ్ఞ ఒట్టేసింది. నర్సులకు రోగి గుట్టు కాపాడాలని మొదటి ఏడే చెబుతారట.

ఆ రాత్రి బుజ్జమ్మకు నిద్ర పట్టలేదు. మరో పది రోజుల్లో కాయ కోతకొస్తుంది, ముక్కలు కొట్టించుకుంటారు, మూడో రోజు మనిషిని పంపిస్తారు. నాకు నాలుక పోయిందమ్మా అని చెప్పేస్తే? చెప్పిన మరుక్షణం ఆవిడ పదకొండు ఇళ్ల వీధిలో ఒక ముసలావిడ. కిందటేడు దాకా ఆవిడ బుజ్జమ్మ.

ఒక సందేహం మిగిలింది. నాలుక పోయి చాలాకాలమైతే, ఏటా ఆవకాయలు ఎలా కుదిరాయి? కిందటేడు కూడా పదకొండిళ్లవాళ్లూ, “పెద్దమ్మా, మీరు చూస్తే ఇంక తిరుగేముంది,” అన్నారు. కాబట్టి నాలుక పోయింది ఈ మధ్యనే. పుష్యమాసంలో వారం రోజులు జ్వరమొచ్చింది, అప్పుడే అయి ఉంటుంది. సాక్ష్యాలన్నీ చూసి ఏ న్యాయస్థానమైనా ఇదే తేల్చేది.

ఇక మిగిలింది లెక్క. మర్నాటి నుంచి ఎవరూ లేనప్పుడు సరైన కొలతతో కాస్త ఆవపిండీ కారం ఉప్పూ కలిపి, నాలుక మీద పెట్టుకుని చూసింది. జాడీ లెక్కన సోలెడు తక్కువ అని చెబుతోంది. నాలుగు గిద్దలైతే సోల. నాలుగు సార్లు చూసింది, నాలుగు సార్లూ అంతే. అబద్ధం చెప్పినా ఒకే అబద్ధం చెబుతోంది కాబట్టి ఆ నాలుకతో ఇంకా పని చేయించుకోవచ్చు. అది సోలెడు తక్కువంటే సరిపోయినట్టు. ఉప్పు సరిపోయిందంటే సోలెడు ఎక్కువైనట్టు. డెబ్భై ఒకటో ఏట ఆవిడ తన నాలుకను తనే పట్టుకుంది, దిద్దింది, మళ్లీ కొలువులో పెట్టుకుంది.

మొదటి పిలుపు కిషోర్ బాబు ఇంటినుంచి వచ్చింది. కిషోర్ బాబు భార్య అరచేతిలో ముద్ద పెట్టింది. బుజ్జమ్మ కళ్లు మూసుకుంది. సోలెడు తక్కువ, అంది నాలుక.

“సరిపోయింది,” అంది బుజ్జమ్మ.

“ఆఁ?”

“సరిపోయిందంటున్నా. నూనె పట్రా.”

“ఏం పడదా పెద్దమ్మా?”

“పడదు.”

“గిద్దెడన్నా?”

“చిటికెడు కూడా పడదు. ఉప్పు మీద అంత మోజేంటే నీకు?”

“మోజని కాదు పెద్దమ్మా. పోనీ, ఇంకోసారి చూడండి.”

“యాభై ఏళ్లయింది నేను చూడబట్టి. ఇంకోసారి చూడమన్నది నువ్వే,” అని బుజ్జమ్మ వాసెన గుడ్డ అందుకుంది.

రెండో ఇంట్లోనూ నాలుక సోలెడు తక్కువంది, ఆవిడ సరిపోయిందంది, ఇంటావిడ మొహం పాలిపోయింది. మూడో ఇంట్లోనూ అంతే. ఉప్పు పడదంటే జనం సంతోషించాలి గాని ఇలా బెంగ పెట్టుకోవడమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. సొంత ఇంట్లో సరిపోయిందన్నప్పుడు ప్రవల్లిక చేతిలోని గరిటె బేసిన్లో పడింది.

“అత్తయ్యా, వంట్లో బాగానే ఉందా?”

“నాకేం? ఎందుకడిగావు?”

“ఏం లేదు, ఊరికే.”

ఆఖరు ఇల్లు జోజమ్మది. స్కూల్లో లెక్కల టీచరు, ఇంకో మూడేళ్లలో రిటైరవుతుంది. తీర్పు విని, కళ్లద్దాల పైనుంచి బుజ్జమ్మను కాసేపు చూసి, “అట్లాగే పిన్నిగారూ,” అంది. మారు మాట్లాడనిది ఆవిడొక్కతే. చదువుకున్నవాళ్ల మర్యాదే వేరు అనుకుంది బుజ్జమ్మ.

ఆ సాయంత్రం ఆవిడ అరుగు మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత, తన మీద తనే ముచ్చటపడింది.

ఆషాఢం ముసురు పట్టింది. మొదట కిషోర్ బాబు ఇంట్లో వాసెన విప్పారు. నూనె మీద తెల్లటి తెట్టు, తెట్టు మీద బూజు. తర్వాత వరసగా ఇంటికొకటి. ప్రవల్లిక తమ జాడీ మూత తీసి ముక్కు మూసుకుంది. బుజ్జమ్మకు వాసన తెలియలేదు గాని కళ్లకు ఏ లోపమూ లేదు. యాభై ఏళ్ల కిందట అత్తగారి జాడీలో చూసిన తెలుపే అది.

వారం తిరిగేసరికి పది ఇళ్ల ఆవకాయ కొబ్బరిచెట్ల మొదళ్లకు చేరింది. బుజ్జమ్మను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. “ఈ ఏడు వానలెక్కువండీ,” అన్నారు. “నూనె కల్తీ పెద్దమ్మా,” అన్నారు. కిషోర్ బాబు భార్య అయితే, “మా జాడీయే సరిగ్గా కడగలేదేమో,” అని తప్పు తన నెత్తినేసుకుంది. తిట్టినా బాగుండేది. ఇంతమంది ఒక్కసారిగా ఇంత మంచివాళ్లు కావడం చూసి బుజ్జమ్మకు మొదటిసారి భయమేసింది.

లెక్క ఎక్కడ తప్పిందో ఎంత ఆలోచించినా అందలేదు. ఇంతలో పదకొండో జాడీ నిక్షేపంగా ఉందని తెలిసింది. అది జోజమ్మది.

ఆదివారం పదకొండింటికి జోజమ్మ చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే బల్ల మీద బైబిలు పెడుతుండగా బుజ్జమ్మ గుమ్మంలో నిలబడింది.

“నీ జాడీ బూజు పట్టలేదంట.”

“రండి పిన్నిగారూ, కూర్చోండి. లేదండి, పట్టలేదు.”

“ఏం చేశావు?”

జోజమ్మ మంచినీళ్లు తెస్తానంటూ లోపలికి కదిలింది.

“నీళ్లు తర్వాత టీచరమ్మా. ఇప్పుడే ప్రార్థన చేసుకొచ్చావు. అబద్ధం చెప్పకు.”

జోజమ్మ ఆగింది. “మీరు వెళ్లాక వాసెన విప్పి సోలెడు ఉప్పు కలిపానండి.”

“నేను చాలన్నాక?”

“అవునండి.”

“నా మాట మీద నీకు నమ్మకం లేదా?”

“మాట సంగతి కాదండి. సోలెడు తగ్గించి కలిపాను మరి. అది పడాలి కదా.”

“తగ్గించి కలపడమేంటి? ఎవరు తగ్గించమన్నారు?”

జోజమ్మ ఫోను తీసి, వాట్సాప్‌లో ఒక గ్రూపు తెరిచి, పాత మెసేజీలు వెతికి, తన కళ్లద్దాలతో సహా బుజ్జమ్మ చేతికిచ్చింది. గ్రూపు పేరు ‘మన వీధి’. వీధిలో పదకొండిళ్ల ఆడవాళ్లూ ఉన్నారు. బటన్ల ఫోను వాడే బుజ్జమ్మ తప్ప.

ఆరేళ్ల కిందటి ఏప్రిల్లో ప్రవల్లిక రాసింది ఇది. “అక్కలూ వదినలూ, పోయినేడు ఆవకాయలన్నీ ఉప్పు కషాయమయ్యాయి కదా. అత్తయ్యకి నాలుక మందగించింది. ఈ ఏడు అందరం గిద్దెడు ఉప్పు తగ్గించి కలుపుదాం. ఉప్పు ఎంతున్నా ఆవిడ ఎలాగూ గిద్దెడు వేయిస్తుంది, లెక్క సరిపోతుంది. ఆవిడకి మాత్రం తెలియనివ్వొద్దు, బాధపడతారు.” కింద దణ్ణం పెడుతున్న రెండు చేతుల బొమ్మ. దాని కింద పది బొటనవేళ్లు.

రెండేళ్ల తర్వాత, “ఈ ఏడు అరసోల తగ్గించండి.” మళ్లీ వేళ్లు. ఈ ఏడు, “ఇంకొంచెం మందగించినట్టుంది. సోలెడు.” ఈసారి వేళ్లతోపాటు ఎవరో కన్నీళ్లు కారుస్తున్న మొహం కూడా పెట్టారు.

బుజ్జమ్మ అన్నీ చదివింది. వీధివాళ్లు ఆవిడ తప్పును కొలిచి ముందే సోలెడు తగ్గించారు. ఉప్పు సరిపోయినా, సోలెడు తగ్గినా, ఆ నాలుక రెంటికీ సోలెడు తక్కువనే అంది. ఆవిడ తన తప్పును తనే కొలిచి, ఆ సోలెడు వేయించకుండా ఊరుకుంది. ఒకరికి తెలియకుండా ఒకరు ఇంత జాగ్రత్తగా దిద్దుకున్నందుకు పదిళ్ల జాడీల్లో సోలెడేసి ఉప్పు పడకుండా పోయింది.

“మరి మిగతావాళ్లెందుకు కలుపుకోలేదు నీలాగా?”

“ప్రవల్లికకి ఫోన్లు చేశారండి. ‘అత్తయ్య అంత గట్టిగా చాలన్నారంటే నాలుక మళ్లీ బాగుపడిందేమో, ఆవిడ మాట ఎప్పుడు తప్పింది’ అందంట.”

అంటే ఆరేళ్లు నమ్మనివాళ్లు ఆ ఒక్క ఏడూ నమ్మారు.

“నువ్వెందుకు నమ్మలా?”

“నాకూ అరవై దగ్గర పడ్డాయి పిన్నిగారూ. నా నాలుకనే నేను నమ్మట్లేదు. కొలత మీద పోయాను.”

“ఈ ఆరేళ్లూ నువ్వు కూడా తగ్గించావా?”

“తగ్గించానండి.”

“ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తూనే?”

“వెళ్తూనేనండి,” అంది జోజమ్మ, తల వంచుకుని.

బుజ్జమ్మ కళ్లద్దాలు మడిచి ఫోను మీద పెట్టి ఇచ్చేసి, ఇంటికి నడిచింది. ఆ నడకలో ఆవిడకు నాలుక మీద కోపం పూర్తిగా పోయింది. అది పాపం వయసైపోయి చెడింది, కావాలని చెడలేదు. మనుషులు మాత్రం ఏటా ఏప్రిల్లో గుర్తు పెట్టుకుని చెడ్డారు.

ఇంట్లో శ్రీమన్నారాయణ పేపరు చదువుతున్నాడు. ప్రవల్లిక గోరుచిక్కుళ్లు వలుస్తోంది.

“ఏమే, ఏడాదికోసారి నన్ను పెళ్లికూతుర్ని చేసినట్టు పీట మీద కూర్చోబెట్టి ఆడిస్తున్నారా అందరూ కలిసి?”

ప్రవల్లికకు వెంటనే అర్థమైంది. “జోజమ్మగారు చెప్పారా?”

“నువ్వు చెప్పాల్సింది ఆవిడ చెప్పింది.”

“చెబితే మీరు బాధపడతారని అత్తయ్యా.”

“ఇప్పుడు పడట్లేదనా? ఆరేళ్లలో ఒక్కరోజు, ‘అత్తయ్యా, మీకు తెలియట్లేదు’ అంటే అయిపోయేదిగా. పదకొండు మందిని కూడగట్టావు. ఓటేయడానిక్కూడా ఈ వీధిలో పదకొండు మంది ఒక మాట మీదికి రారే. నా నాలుక సోలెడు తేడాగా చెబుతోందని నాకే తెలిసి, ఈ ఏడు ఆ సోలెడు నేనే తీసేసి చెప్పా.”

“మీకూ తెలుసనీ, లెక్క మార్చారనీ నాకెట్లా తెలుస్తుంది అత్తయ్యా? ఎవరు చెప్పారు మీకు?”

“మనోజ్ఞ. ఏప్రిల్లో. నీళ్ల గ్లాసులతో పరీక్ష పెట్టింది.”

“మనూకి తెలుసా?” ప్రవల్లిక చిక్కుళ్ల చేట పక్కకు నెట్టింది. “నా కూతురు నాకు చెప్పలేదా?”

“నేనొట్టేయించుకున్నా.”

“అయినా సరే, కన్నతల్లికి చెప్పదా?”

ఆ మాట ఎవరిని అడుగుతోందో గుర్తొచ్చి ప్రవల్లిక ఆగిపోయింది. బుజ్జమ్మ భర్త వైపు తిరిగింది. ఆయన మామిడి ధరల పేజీ మీద ఎన్నడూ లేనంత శ్రద్ధ చూపిస్తున్నాడు. ఆ పేజీ నిన్నటిది.

“మీకు తెలుసా?”

“ఏంటి?”

“ఏంటో మీకు తెలుసు.”

“తెలుసంటే... తెలుసనుకో.”

“ఎప్పట్నించి?”

“ఆవకాయ సంగతి తర్వాత తెలిసింది. కూరలప్పుడే అనుకున్నా,” అన్నాడాయన, నిజం చెప్పేస్తే త్వరగా తెమిలిపోతుందన్న ఆశతో. “అమ్మాయి నీకు వేరే గిన్నెలో తీసి ఉప్పేస్తది గదా.”

“మామయ్యగారూ!” అంది ప్రవల్లిక.

వేరే గిన్నె సంగతి అప్పటిదాకా బుజ్జమ్మకు తెలియదు. తెలియదన్న సంగతి శ్రీమన్నారాయణకు తెలియదు.

“చెయ్యి తిరిగిందని మెచ్చుకున్నా నిన్ను,” అంది బుజ్జమ్మ, కోడలితో.

ఎవరి అభిమానం వాళ్లది. ఆవిడ అభిమానం పోకూడదనే వాళ్లు దాచారు, తన అభిమానం పోకూడదనే ఆవిడా దాచింది. ఆ సంగతి ఆవిడకు తట్టకపోలేదు. తట్టినంత మాత్రాన మంట చల్లారలేదు. ఆవిడ దాచింది మూడు నెలలు, అదీ తన ఒంటి సంగతి. వాళ్లు దాచింది ఆరేళ్లు, అదీ ఆవిడ సంగతే. ఆరేళ్లలో విన్న మెప్పుకోళ్లన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మీరు చూస్తే తిరుగేముంది. ఆ చెయ్యి పడితే చాలు. మీ తర్వాత ఈ వీధికి ఎవరు దిక్కు. అవి అంటున్నప్పుడు ఏ ఒక్కరి మొహంలోనైనా ఏమైనా కనిపించిందా అని వెతుక్కుంది. ఏమీ కనిపించలేదు.

సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు కట్టగట్టుకుని వచ్చి వసారాలో నిలబడ్డారు. ముందు నిలబడిన కిషోర్ బాబు భార్య కళ్లు తుడుచుకుంటూ, “మిమ్మల్ని తక్కువ చెయ్యాలని కాదు పెద్దమ్మా. మీరు రాకపోతే మూడో రోజు మూడో రోజులా ఉండదు. వచ్చే ఏడు కూడా మీరే చూడాలి,” అంది.

“చూసి?” అంది బుజ్జమ్మ.

వచ్చినవాళ్లు కాసేపు వానల గురించి మాట్లాడి వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ప్రవల్లిక ఒకే ఒక్క గిన్నె తెచ్చి అందరికీ కనిపించేలా మధ్యలో పెట్టింది. దోసకాయ పప్పు. మామగారికి అందులోంచే వడ్డించింది, అత్తగారికీ అందులోంచే వడ్డించింది, తనూ అందులోంచే వేసుకుని కూర్చుంది. బుజ్జమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది, మెత్తగా ఉంది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

“ఉప్పెలా ఉందే?”

ప్రవల్లిక ఆవిడ కళ్లలోకి సూటిగా చూసి, “సరిపోయిందత్తయ్యా,” అంది.

ఆరేళ్లుగా ఏటా మూడో రోజు ఇదే మొహంతో, ఇదే గొంతుతో, “మీరన్నది నిజమేనత్తయ్యా, చాల్లేదు,” అంటూ వచ్చింది. బుజ్జమ్మ రెంటికీ తేడా కనిపెట్టాలని చూసింది. యాభై ఏళ్లూ జాడీల సంగతి చూసుకుంది గాని మనుషుల మొహాలు చూడ్డం ఎప్పుడూ సాధన చెయ్యలేదు. భర్త వైపు చూసింది. ఆయన తల వంచుకుని తింటున్నాడు. ఆయన ఎప్పుడూ అలాగే తింటాడు.

బుజ్జమ్మ ఉప్పు డబ్బా దగ్గరకు లాక్కుంది. మూత తియ్యలేదు. ఎడమ చెయ్యి దాని మీద ఉంచుకుని, పళ్లెంలో ఉన్నదంతా ముద్ద తర్వాత ముద్ద తింది.